దోసపాటిలంక పంటు ఎడమ పడవకు నేను వేసిన అతుకు

దోసపాటిలంక రేవు,
మండవల్లి మండలం, ఏలూరు జిల్లా.
తేది: 6-9-2025, శనివారం.

రెవెన్యూ డివిజనల్ అధికారి గారి సముఖమునకు,
ఏలూరు.

అయ్యా,

విషయం: ఉప్పుటేరుపై దోసపాటిలంక రేవులో నడుచుచున్న ఇనుప పంటును తక్షణం ఆపుదల చేయించు నిమిత్తం, సదరు పంటుకు అతుకు వేసిన వెల్డరు చేసుకొను విన్నపము.

నా పేరు నిత్యానందం, తండ్రి కీ.శే. దేవసహాయం, వయస్సు 59. ఇరవై ఏడు సంవత్సరములు విశాఖపట్నంలో ఓడల మరమ్మతు కాంట్రాక్టర్ల వద్ద వెల్డరుగా పనిచేసి, చూపు మందగించినందున ఆరేళ్ల క్రితం స్వగ్రామం చేరి, రేవు పక్కన చిన్న షెడ్డులో గేట్లు, చేపల చెరువులకు గాలి కొట్టే ఏరియేటర్ల ఫ్రేములు చేసుకొని బతుకుచున్నాను. పదో తరగతి వరకే చదివినందున రాతలో తప్పులుంటే మన్నించవలెను. విషయంలో మాత్రం తప్పు లేదు.

1. పంటు అంటే రెండు ఇనుప పడవలు పక్కపక్కన చేర్చి, పైన బల్ల పరిచినది. ట్రిప్పుకు నలభై మంది, పది పన్నెండు మోటారు సైకిళ్లు, ఒక ఆటో ఎక్కుతాయి. లంకలోని రెండు వందల గడపకు ఇదే దారి. రెండో దారి చేపల చెరువుల గట్ల మీదుగా ఇరవై ఆరు కిలోమీటర్లు. వాన పడితే ఆ బురదలో మనిషికి కాలు నిలవదు. రేవును వేలంలో పాడుకున్నవారు శేషగిరిరావు గారు. మాట మెత్తన, మనసు చెడ్డది కాదు. ఈ అర్జీ ఆయన మీద కక్షతో రాసినది కాదని ముందే మనవి చేసుకొనుచున్నాను.

2. గత నెల 20వ తేదీ బుధవారం నాడు, చేపల మేత వేసుకొచ్చిన మినీ లారీ పంటు ఎక్కుతూ అదుపు తప్పి ముందుకు దూకినందున, పంటు ఒరిగి ఎడమ పడవ రేవు రాళ్లకు కొట్టుకొని, అడుగు రేకు మూరెడు పొడవున చీలినది. ఆనాటి నుండి పంటు ఆగినది. జనం తాటి దోనెల మీద దాటసాగారు.

3. 25వ తేదీ సోమవారం, లంకలో ఉండే జేమ్స్ భార్య సువర్ణకు నెలలు నిండకుండానే నొప్పులు వచ్చినవి. దోనెలో పడుకోబెట్టి తెస్తుండగా నడి ఏటిలో దోనె తిరగబడినది. మనిషిని బయటికి లాగారు. బిడ్డ దక్కలేదు. నేను గట్టు మీదే ఉన్నాను. పంటు నడుస్తూ ఉంటే అది పది నిమిషాల ప్రయాణం. పంటు ఆపమని అర్జీ పెట్టేవాడు ఈ సంగతి దాచకూడదు గనుక రాస్తున్నాను.

4. మూడో నాడు సాయంత్రం శేషగిరిరావు గారు నా షెడ్డుకు వచ్చారు. వెనకాల జేమ్స్ కూడా వచ్చాడు.

“ఏవండీ నిత్యానందం గారూ, వైజాగులో అంతంత ఓడలకి చేసిన చేతులు. మన పంటుకి ఓ రేకు ముక్క వెయ్యలేరా అండీ?” అన్నారు శేషగిరిరావు గారు.

పడవ లోపలికి దిగి చూశాను. రంగు గీకితే రేకు మీద ముద్ర కనబడింది: ఇ.హెచ్. 36. ఇది మామూలు ఇనుము కాదు. ఏదో హార్బరులో విప్పేసిన బార్జి, అంటే పెద్ద సరుకు పడవ, తాలూకు ఉక్కు. సముద్రం దెబ్బలకు తట్టుకోవడానికి ఓడలకు వేసే గట్టి రకం.

“ఇది ఓడ ఉక్కండీ. దీనికి పద్ధతి వేరు. క్రేను పెట్టి పంటును గట్టు మీదికి తీయాలి. వెల్డింగు రాడ్లు పొయ్యిలో మూడు వందల యాభై డిగ్రీల దగ్గర రెండు గంటలు కాల్చి, వేడి డబ్బాలోంచి ఒక్కొక్కటే తీసి వాడాలి. రేకును ముందు వేడి చెయ్యాలి. వేశాక కప్పి ఉంచి నిదానంగా చల్లారనివ్వాలి. మూడు రోజులు ఆగి పరీక్ష చేయించాలి. అప్పుడు నీళ్లలోకి దింపాలి,” అని చెప్పాను.

“క్రేను ఈ గట్టు మీదికి ఎలా వస్తుందండీ? వానలు కదండీ, టైరు దిగబడిపోద్ది. పంటు నీళ్లలో ఉండగానే వేసెయ్యండి. బయట నుంచి రబ్బరు షీటు, చెక్క కట్టించి నీళ్లు తోడిస్తాను.”

“నీళ్లలో ఉండగా వెయ్యకూడదండీ.”

జేమ్స్ ముందుకు వచ్చాడు. అప్పుడు అన్నాడు: “మావయ్యా, మీకు చేతనైన పని. ఇంకో ఇంట్లో ఇలా జరిగేదాకా చూస్తారా?”

అయ్యా, నేను ఒప్పుకున్నాను.

5. 28వ తేదీ గురువారం మధ్యాహ్నం అతుకు వేసితిని. రాడ్ల పొయ్యి లేదు. మా ఆవిడ రత్నకుమారి అట్లపెనం మీద రాడ్లు పరిచి, పైన మూత పెట్టి, గ్యాసు మీద కాల్చాను. “ఏవండీ, ఇదేం పనండీ, రేపు దీని మీద అట్లెలా పొయ్యమంటారు?” అని ఆవిడ. నవ్వుకున్నాం కూడా. షెడ్డు నుంచి రేవుకు తీసుకువెళ్లేలోగా సన్నగా వాన పట్టుకుంది. పెనం వేడి దారిలోనే పోయింది.

పడవ అడుగున కూర్చుని రేకు మీద మంట పెట్టాను. నీటి చుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోయేంత వేడి కావాలి. రేకు అడుగున ఉప్పుటేరు పారుతోంది. పైనుంచి ఎంత మంట పెట్టినా కింద ఏరు లాగేసుకొంది. చీలిక మీద రేకు ముక్క పెట్టి చుట్టూ నాలుగు వైపులా వేశాను. చూడటానికి చక్కగా ఉంది. నా చేతి పనిలో వంక ఎవరూ పట్టలేరు. గొడవంతా కంటికి కనబడని చోట ఉంది.

తమరు చదువుకున్నవారు, అయినా పనివాడి మాటగా చెప్పుకుంటాను. రాడ్డులో చెమ్మ ఉంటే, ఆ చెమ్మలోని హైడ్రోజను వాయువు కరిగిన ఉక్కులోకి దూరుతుంది. చన్నీళ్ల మీద ఉక్కు చప్పున చల్లారితే అతుకు పక్కన గాజులా పెళుసెక్కుతుంది. లోపల చిక్కుకున్న వాయువు మెల్లిగా ఆ పెళుసు చోటికే చేరుతుంది. ఆ రోజు ఏమీ కాదు, మర్నాడూ కాదు. ఎవరూ ముట్టుకోకుండా, బరువు పెట్టకుండా, రెండో రోజో మూడో రోజో దానంతట అది పగులుతుంది. మామూలు ఇనుమైతే ఈ తప్పుల్ని చాలావరకు ఓర్చుకుంటుంది. ఈ గట్టి ఉక్కు ఓర్చుకోదు.

6. ఇది పుస్తకంలో చదివి చెప్పుట లేదు. ఈ పేరా నా అర్జీకి అవసరం లేదని రత్నకుమారి అన్నది. అవసరమే.

2011లో విశాఖపట్నంలో ఒక ఓడ మరమ్మతులో, బరువులెత్తే కొక్కెం తగిలించడానికి డెక్కు కింద ఒక ఇనుప చెవి అతికించాలి. ఓడ బయలుదేరాలని తొందర. సాయంత్రం, చినుకుల్లో, రేకు వేడి చేయకుండా అతికించారు. మర్నాడు పరీక్ష చేసినవారు బాగుందన్నారు. అబద్ధం కాదు, అప్పటికి బాగానే ఉంది. మూడో రోజు నాలుగు టన్నుల పంపు ఎత్తుతుండగా ఆ చెవి ఊడింది. విరిగిన చోట గాజు పగిలినట్టు మెరుపు తప్ప, ఉక్కు సాగిన జాడే లేదు. కింద ఎడ్విన్ ఉన్నాడు. భీమడోలు అతను. నాతో తొమ్మిదేళ్లు ఒకే గదిలో ఉన్నాడు.

ఆ చెవి అతికించినది నేను.

ఎడ్విన్ తల్లి దానమ్మ గారు ఇంకా ఉన్నారు. ఏటా క్రిస్మస్ ముందు రైలెక్కి భీమడోలు వెళ్లి చూసి వస్తాను. “మా వాడి స్నేహితుడివి, నువ్వొక్కడివే గుర్తుపెట్టుకున్నావు నాయనా,” అని కాఫీ ఇస్తుంది. ఆ అతుకు ఎవరు వేశారో ఆమెకు పద్నాలుగేళ్లుగా చెప్పలేకపోయాను. తమకు రాతపూర్వకంగా తెలియపరచుచున్నాను. ఇంత తెలిసినవాడిని, మళ్లీ అదే పని చేశాను.

7. 29వ తేదీ శుక్రవారం ఉదయం శేషగిరిరావు గారు ఒక ఇంజనీరు గారిని పిలిపించి చూపించారు. ఆయన ఎర్ర రంగు చల్లి, తుడిచి, పైన తెల్ల పొడి చల్లారు. పగులుంటే అక్కడ ఎర్ర గీత తేలుతుంది. తేలలేదు. సర్టిఫికెట్ ఇచ్చారు. ఆయన తప్పేమీ లేదు. మూడు రోజులాగి చూడమని చెప్పాను. ఆయన శేషగిరిరావు గారి వైపు చూశారు. ఆ మధ్యాహ్నమే పంటు నడిచింది. లంక జనం చప్పట్లు కొట్టారు. జేమ్స్ వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు.

8. 30వ తేదీ శనివారం సాయంత్రం, ఆఖరి ట్రిప్పు అయ్యాక పడవలోకి దిగి కూర్చున్నాను. ఏటి చప్పుడు తప్ప ఏమీ లేదు. గంట కూర్చున్నాక రేకులోంచి ‘టిక్’ మని వినిపించింది. గోడ గడియారం ఒక్కసారి కొట్టుకుని ఆగిపోయినట్టు. మళ్లీ రాలేదు. తాడేపల్లిగూడెంలో తెలిసిన కొట్టు నుంచి తెప్పించి పెట్టుకున్న రంగు డబ్బాలతో నేనే పరీక్ష చేశాను. అతుకు పక్కనే, అంచు వెంట, వెంట్రుకంత సన్నని ఎర్ర గీత తేలింది. పద్నాలుగు సెంటీమీటర్లు.

9. మర్నాడే శేషగిరిరావు గారి ఇంటికి వెళ్లి చెప్పితిని. ఆయన కూర్చోబెట్టి టీ ఇప్పించి, సర్టిఫికెట్ తెచ్చి చూపించారు.

“ఇదిగోండి, స్టాంపు కూడా ఉంది కదండీ.”

“స్టాంపు శుక్రవారం నాటిదండీ. పగులు శనివారం నాటిది.”

“నీళ్లు రావట్లేదు కదండీ? ఒక గీత. మీరు మనసు పాడుచేసుకుంటున్నారు. ఆ సువర్ణమ్మ సంగతి చూసి బెదిరినట్టున్నారు. రెండు రోజులు పడుకోండి.”

ఆ సాయంత్రం గీత మీద నల్ల రంగు వేయించారు. నేను గీకేసి, పగులు రెండు చివరలా సుత్తితో చుక్కలు కొట్టి, రోజు విడిచి రోజు కొలిచాను. సోమవారం పదహారు సెంటీమీటర్లు. బుధవారం పంతొమ్మిది. గురువారం ట్రిప్పుకు రెండు ఆటోలు ఎక్కించారు. శుక్రవారం పొద్దున్న ఇరవై నాలుగు. అడుగున అడ్డంగా ఉండే దన్ను పట్టీకి నాలుగు వేళ్ల దూరంలోకి వచ్చింది. ఆ పట్టీ దాటితే పగులు ఇక సెంటీమీటర్ల లెక్కన నడవదు. ఒక్క కుదుపుకు పడవ అడుగు అడుగంతా తెరుచుకుంటుంది.

శుక్రవారం మధ్యాహ్నం పడవ మూతకు తాళం వేయించారు. ఇప్పుడది ఎంత ఉందో ఎవరికీ తెలియదు.

10. తమరు జిల్లా మ్యాపు చూసినచో విదితమగును: బుడమేరు, తమ్మిలేరు నీళ్లు కొల్లేరులోకి దిగినవి. కొల్లేరు ఖాళీ అవ్వాలంటే ఉప్పుటేరే దారి. మా రేవు దగ్గర నడి ఏరు ఇప్పుడు పద్దెనిమిది అడుగుల లోతు. తాడు పట్టుకుని దాటించే పంటు నిన్న రెండుసార్లు కొట్టుకుపోబోయి ఆగింది.

11. జనానికి చెప్పాను. కొందరు నవ్వారు. ఏటి మీద వంతెన వేయించుకోవడానికి ఆడే నాటకమన్నారు. జేమ్స్ మాత్రం నవ్వలేదు. “మావయ్యా, బాగుచేశానని మీరే అన్నారు. ఇప్పుడు ఆపమని మీరే అంటున్నారు. ఏ మాట నమ్మాలి?” అన్నాడు.

12. నా కుమార్తె రూబీ లంకలోని ప్రాథమిక పాఠశాలలో టీచరు. రోజూ ఉదయం ఎనిమిదిన్నర ట్రిప్పుకు వెళ్తుంది. సెలవు పెట్టమని బతిమాలాను.

“నేను సెలవు పెడితే నాకు భయం తీరుద్ది నాన్నా. అదే ట్రిప్పు తిరుగు దారిలో హైస్కూలు పిల్లలు పదిహేడు మంది ఎక్కుతారు. వాళ్లకి సెలవు ఎవరిస్తారు?”

“నీ సంగతి చూసుకో తల్లీ.”

“చూసుకుంటున్నాను. పిల్లల్ని ఎడమ వైపు నుంచోవద్దని చెప్పాను. ఎందుకని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?”

శుక్రవారం టీచర్ల దినోత్సవం. పిల్లలిచ్చిన బంతిపూలు పట్టుకుని పంటు మీద వస్తోంది. దిగేదాకా నేను గట్టు మీద నిలబడి ఊపిరి బిగపట్టుకున్నాను. అయ్యా, ఇట్లు రోజుకు ఇరవై ట్రిప్పులు. నా వయసు వాడికి అంత ఊపిరి లేదు.

కావున తమరు దయయుంచి,

అ) ఈ అర్జీ అందిన గంటలో పంటును ఆపించవలెను. సర్టిఫికెట్ చూపిస్తారు, దయచేసి తేదీ చూడవలెను.

ఆ) ఆపి ఊరుకోరాదు. సువర్ణకు జరిగినది ఇంకొకరికి జరగకుండా, ఆపిన రోజు నుంచే మోటారు బోటు, లైఫ్ జాకెట్లు రేవులో ఉంచవలెను. ఇది లేకుండా మొదటిది చేస్తే నేనే మళ్లీ తమ ఆఫీసు ముందు కూర్చుంటాను.

ఇ) పంటును గట్టుకు తీయించి, నా అతుకును పూర్తిగా కోసి పారేసి, పద్ధతి తెలిసినవారి చేత కొత్త రేకు వేయించవలెను. ఆ పని నాకు ఇవ్వరాదు.

ఈ) విచారణ జరిపినచో మొదటి ముద్దాయిగా నా పేరు రాసుకొనవలెను.

సోమవారం అర్జీల దినమున స్వయంగా ఏలూరు వచ్చి ఈ కాగితం తమ చేతికి ఇచ్చెదను. అంతవరకు ఏరు, ఆ ఉక్కు ఆగునని ఆశించుటకు నా వద్ద ఆధారమేమీ లేదు. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నిత్యానందం, వెల్డరు,
దోసపాటిలంక రేవు.

తా.క. ఆదివారం, ఉదయం ఏడున్నర.

అయ్యా, సోమవారం దాకా ఆగలేకపోయాను.

తెల్లారుతుండగా పంటు నడిపే జీవరత్నం మా తలుపు తట్టాడు. ఇతని సంగతి ముందే చెప్పవలసింది, ఉద్యోగం పోతుందని పేరు రాయలేదు. ఇప్పుడు రాయమన్నాడు.

“అన్నయ్యా, పంటు ఎడమ వైపు నాలుగు వేళ్లు దిగిందండీ. రాత్రి కట్టేసినప్పుడు సమంగానే ఉంది. ఆరున్నరకి మొదటి ట్రిప్పు. అవతల ప్రార్థనకి గుడికొచ్చేవాళ్లు నుంచున్నారు.”

“శేషగిరిరావు గారికి చెప్పావా?”

“చెప్పానండీ. తోడేసి నడపమన్నారు.”

ఇద్దరం వెళ్లాం. తాళం పగలగొట్టి దిగాను. నీళ్లు చీలమండ దాటి ఉన్నాయి. టార్చి వేసి చేత్తో తడిమాను. పగులు దన్ను పట్టీ దాటిపోయింది. నా అతుకు వదిలేసి పాత రేకులోకి వెళ్లింది. జానలతో కొలుస్తూ పోయాను, మూడు జానల తర్వాత నా చెయ్యి అందలేదు.

పైకి వచ్చి జీవరత్నాన్ని గట్టెక్కమన్నాను. షెడ్డు నుంచి గ్యాసు సిలిండర్లు తెచ్చుకొని, నీటి మట్టానికి ఒక అంగుళం పైన ఎడమ పడవ పక్క రేకును రెండు జానల వెడల్పున కోసేశాను. ఇన్నేళ్లలో ఎన్నో రేకులు కోశాను. ముంచడానికి కోయడం ఇదే మొదలు. పగులులోంచి వచ్చే నీటి బరువుకు ఆ అంగుళం దిగగానే ఏరు కంతలోంచి లోపలికి దూకింది, పంటు ఒకసారి నిట్టూర్చినట్టు ఒరిగి, రేవులోనే నాలుగడుగుల నీళ్లలో బురద మీద కూర్చుంది. దాని మీద ఎవరూ లేరు.

శేషగిరిరావు గారు ఫోను చేయగా హెడ్ కానిస్టేబుల్ గారు వచ్చారు. అర్జీ ముగించుకోనివ్వమంటే సరేనన్నారు. మంచివారు. ఈ కాగితం రేపు రూబీ తెస్తుంది. పంటును ధ్వంసం చేసినందుకు కేసు పెట్టుచున్నారు. ఒప్పుకుంటాను, వకీలు అక్కర్లేదు. అయితే శేషగిరిరావు గారు నా ఎదుటే ఎవరికో ఫోనులో చెప్పారు: “రెండు గంటల పనేనండీ. కంత మీద ఒక ముక్క, ఆ పగులు మీద ఒక ముక్క. రేపు వచ్చి వేసెయ్యండి, మంగళవారం పొద్దున్న ట్రిప్పు పెట్టుకోవాలి.” ఆ వచ్చే వెల్డరు ఎవరో నాకు తెలియదు. అతనికి ఆ రేకు మీద ముద్ర చూపించడానికి నేను అక్కడ ఉండను. తమరు ఉండవలెను.

అవతలి గట్టు మీద లంక జనం నిలబడి ఉన్నారు. ప్రార్థనకు కట్టుకున్న తెల్లబట్టలు ఇక్కడికి కనబడుతున్నాయి. నన్ను తిడుతున్నారు, ఏరు అడ్డమున్నా మాటలు తెలుస్తున్నాయి. అందులో జేమ్స్ గొంతు ఉంది. పక్కన సువర్ణ కూర్చుని ఉంది. లెక్కపెట్టాను, ముప్పై ఒక్క మంది. అందరూ గట్టు మీదే ఉన్నారు.

మంగళవారం దాకా ఉంటారు.